మునుగోడుల గది తీసే ముందు

బిడ్డా,

ఫిజియోథెరపీ అయినంక ఆస్టియోపతి, అంటే ఎముకలు, కండరాలను చేతులతోటి సరిచేసే వైద్యం, నేర్చుకొని మునుగోడుల వైద్యం గది పెడుతవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంతోషమైంది, గుండె కూడ గుభేలుమన్నది.

ఈ విద్యను 1874ల ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా డాక్టరు మొదలువెట్టిండు. 1892ల కిర్క్స్‌విల్‌ల బడి తెరిచిండు. అమెరికాల ఇది చదివినోళ్లు మందులు రాస్తరు, ఆపరేషన్లు చేస్తరు. బ్రిటన్ల మాత్రం చేతుల వైద్యమే. నువ్వు నేర్చేది ఆ రెండో తీరుది. నడుమునొప్పికి కొంత ఉపశమనం ఇస్తది, వ్యాయామం కూడ చేపిస్తేనే నిలుస్తది. షుగరు, ఆస్తమా తగ్గిస్తనని ఎవ్వలికీ చెప్పకు.

మనకాడ పాత తప్పొకటున్నది. మెడ పట్టేసిందంటే సర్రున తిప్పి టక్కుమనిపిస్తరు. మంగలి షాపుల్ల తల మాలిష్ అయినంక చేసేది గదే. ఎముక జాగకొచ్చిందనుకుంటరు, గాని అది కీలు ద్రవంల గాలిబుడగ చప్పుడు. గట్టిగ తిప్పితే మెదడుకు పోయే రక్తనాళం లోపొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, అయినా రావచ్చు. మన దిక్కు ఇంకో ముప్పున్నది: మర్రిగూడ, నాంపల్లి, చండూరు బోర్లల్ల ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగ దాటిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగితే పూసలు చిక్కగైనట్టు కనిపిస్తయి, లోపల పెళుసైతయి. పూసలను కట్టిపెట్టే పట్టీలకు సున్నం పట్టి వెన్నుపాము దారి ఇరుకైతది. అసొంటి మెడను విరిస్తే కాళ్లుచేతులు పడిపోవచ్చు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లే తాగుతున్నమంటరు. చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగిండ్రో అడుగు. ఎముకకు పట్టింది తొందరగ పోదు.

చెయ్యి వెయ్యకముందే చూడు: మోకాళ్లు వంచకుంట కిందున్న రూపాయి బిళ్ల తీయాలె, గడ్డం ఎదకు ఆనాలె, చేతులు చాపి మడిచి తల వెనుకకు పెట్టాలె. ఏది రాకున్నా నల్లగొండకు పంపి ముంజేయి ఎక్స్‌రే తీపియ్యి. రెండెముకల నడుమ పొరకు సున్నం పట్టి తెల్లగ కనవడితే విరుపు మాటే ఎత్తకు. దానికి బదులు పట్టేసిన కండరాన్ని వాళ్లతోనే నీ చేతి మీదికి మెల్లగ నెట్టిపియ్యి, వాళ్ల బలంల అయిదో వంతు, 5 సెకన్లు. వదిలినంక కొంచెం సాగదీయి. 3 నుంచి 5 సార్లు చాలు. మరునాడు నొప్పుంటదని ముందే చెప్పు.

మూత్రం బందైనా, తొడల నడుమ మొద్దువారినా, జ్వరంతోటి నడుమునొప్పి వచ్చినా బల్ల మీద పండవెట్టకు. అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి తోలు.

మీ అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడల. మెడ తిరుగుతలేదని నాతోని అంటున్నది, నీకు మాత్రం చెప్పది. వచ్చే ఆదివారం ఇంటికి పోయి ఆమె ముందట రూపాయి బిళ్ల వెయ్యి.

మీ పెద్దబాపు