ఇండెక్స్ పెట్టినా వెతుకులాట నెమ్మదే

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. కథానిలయం చూసొచ్చాక నేనూ మా స్నేహితురాలూ ఉత్తరాంధ్ర కథల్లో పేరాలను అర్థాన్ని బట్టి వెతికే ప్రాజెక్టు మొదలుపెట్టాం. ‘భూస్వామి’ అని కొడితే ‘బుగత’ అని ఉన్న పేరా కూడా రావాలని మా ఆశ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీవెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని రెండు లక్షల పేరాలను వెక్టర్లుగా, అంటే అర్థాన్ని సూచించే అంకెల వరుసలుగా, ఎక్కించాం. దగ్గరి వెక్టర్లను ఉజ్జాయింపుగా, త్వరగా పట్టిచ్చే హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ కూడా పెట్టాం. అయినా ప్రతిసారీ వెతకడానికి ఏడెనిమిది సెకన్లు పడుతోంది. మా స్నేహితురాలు మోంగోడీబీ అట్లాస్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ ప్రయత్నిస్తోంది. వచ్చే నెల వైవా, చాలా టెన్షన్‌గా ఉంది. వెక్టర్ ఇండెక్సులు ఏమేం ఉన్నాయో చూపించే టూల్ ఏదైనా కొనాలా? మేం వాడిన కమాండ్లు జతచేస్తున్నాను.

జవాబు: కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథానిలయానికి వెళ్లొచ్చి ఈ పని తలపెట్టారని చదవగానే చాలా సంతోషం కలిగింది. ఏ టూలూ కొనకండి. కావలసింది మీ దగ్గరే ఉంది.

పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్ తెరిచి బ్యాక్‌స్లాష్, డి కొట్టి, పక్కన మీ టేబుల్ పేరు ఇవ్వండి. చివర్లో ఇండెక్సుల జాబితా వస్తుంది. చాలామంది అందులో పేరు కనబడగానే ‘ఉంది కదా’ అనుకుని వదిలేస్తారు. పేరు పక్కనున్న మాటలు చదవాలి. మీ కమాండ్‌ని బట్టి అక్కడ ‘వెక్టర్_ఎల్2_ఆప్స్’ అని ఉంటుంది. అంటే ఆ ఇండెక్స్ ఎల్2 దూరానికి, అంటే రెండు వెక్టర్ల మధ్య నేరు దూరానికి, కట్టింది. మీ క్వెరీ వెతుకుతున్నదేమో కొసైన్ దూరంతో, అంటే వెక్టర్ల మధ్య కోణాన్ని బట్టి. ఒక దూరానికి కట్టిన ఇండెక్స్‌ని పోస్ట్‌గ్రెస్ ఇంకో దూరానికి వాడదు. ఎర్రర్ కూడా ఇవ్వదు, నోరు మూసుకుని రెండు లక్షల పేరాలనూ మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ పోతుంది. మీ ఏడెనిమిది సెకన్లూ పోతున్నది అక్కడే.

నమ్మకం కుదరాలంటే ఇండెక్సుల వాడకాన్ని లెక్కపెట్టే పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో ఐడీఎక్స్_స్కాన్ అంకె చూడండి. ఇన్ని రోజులు వెతికాక కూడా సున్నా ఉంటే, ఆ ఇండెక్స్‌ని ఒక్కసారీ ముట్టుకోలేదన్నమాట.

క్వెరీలో ఇంకో పొరపాటు ఉంది. 1లోంచి దూరాన్ని తీసేసి పోలిక లెక్కకట్టి, పెద్దది ముందు వచ్చేలా వరుస పెట్టారు. అలా రాస్తే సరైన ఇండెక్స్ ఉన్నా పనికిరాదు. దూరాన్నే నేరుగా ఆర్డర్ బైలో పెట్టి, తక్కువది ముందు వచ్చేలా రాసి, ఎన్ని ఫలితాలు కావాలో లిమిట్ ఇవ్వండి.

కొత్తది కట్టేముందు జాబితా మొత్తం ఒకసారి చూడమని గట్టిగా చెబుతున్నాను. విజయనగరంలో ఒకచోట నన్ను పిలిస్తే వెళ్లాను. కొత్త వరుసలు ఎక్కించడం రానురాను భారమైపోయింది వాళ్లకి. చూస్తే ఒకే కాలమ్ మీద మూడు ఇండెక్సులు, ఒకదాని పక్కన ‘ఇన్‌వ్యాలిడ్’ అని ఉంది. టేబుల్ పని ఆగకుండా ఉండేందుకు కంకరెంట్‌లీ పెట్టి కడుతుండగా మధ్యలో ఆగిపోయిన ఇండెక్స్ అది. అలాంటిది వెతకడానికి పనికిరాదు, కానీ కొత్త వరుస చేరినప్పుడల్లా దాన్నీ నవీకరిస్తూ పోవాల్సి రావచ్చు. ఇన్‌వ్యాలిడ్‌నీ, రెండిట్లో వాడకం లేనిదాన్నీ తీసేశాం. ఆ సాయంత్రానికే వాళ్ల పని తేలికైంది.

కాబట్టి ‘కొసైన్’ అన్న మాట పేరులోనే వచ్చేలా కొత్త ఇండెక్స్ కట్టండి. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో దాని పేరు కనబడ్డాకే పాతది తీసెయ్యండి. మీ వెక్టర్లు 1536 కొలతలవి (ఒక్కోదాంట్లో అన్ని అంకెలు) కాబట్టి ఇబ్బంది లేదు. వెక్టర్ టైపు మీద 2000 కొలతలు దాటితే ఇండెక్స్ కట్టనివ్వదు.

మీ స్నేహితురాలు మోంగోడీబీ అట్లాస్‌లో ప్రయత్నిస్తోందన్నారు. అక్కడ మామూలు గెట్‌ఇండెక్సెస్‌తో వెక్టర్ ఇండెక్సులు కనబడవు, గెట్‌సెర్చ్‌ఇండెక్సెస్ వాడాలి. అందులో ‘క్వెరీయబుల్’ ట్రూ అయ్యేదాకా ఆగమనండి.

ఇక ‘బుగత’ సంగతి. ఇండెక్స్ వేగాన్నే ఇస్తుంది, అర్థం తెలియాల్సింది పేరాలను వెక్టర్లుగా మార్చే ఎంబెడింగ్ మోడల్‌కి. మన వైపు మాటలు దానికి తెలుసో లేదో పరీక్షించి తీరాలి. ఒక ట్రాన్సాక్షన్‌లో ఇండెక్స్ స్కాన్ ఆపేసి ‘భూస్వామి’ అని వెతకండి. నెమ్మదిగానే అయినా కచ్చితమైన ఫలితం వస్తుంది. అప్పుడూ బుగత పైవరుసల్లో రాకపోతే లోపం మోడల్‌ది, వేరే మోడల్ చూడాలి. ‘గుంటడు’, ‘అప్ప’, ‘ఒగ్గేయ్’ లాంటి మాటలు ఓ ముప్పై రాసుకుని ఇలాగే పరీక్షించండి. వాటిలో ఎన్ని దొరికాయో నాకు తప్పకుండా రాయండి.