శాంటా అనా ఎగిరే పళ్లెం ఫోటోలు నకిలీవని అమెరికా వైమానిక దళం ఎలా తేల్చింది?

1965 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని శాంటా అనా దగ్గర రహదారుల శాఖ ఉద్యోగి ఒకరు తన వాహనంలోంచి పోలరాయిడ్ కెమెరాతో టోపీ ఆకారపు వస్తువును ఫోటోలు తీశారు. పక్కనే ఎల్ టోరో మెరైన్ స్థావరం ఉండటంతో సైన్యం ఆసక్తి చూపింది. ఎగిరే పళ్లేల కథనాలను విచారించే వైమానిక దళపు ‘బ్లూ బుక్’ విభాగం చివరకు ఆ ఫోటోలు నకిలీవని తేల్చింది. ఆ వస్తువు పెద్ద వాహనం కాదని, కొద్ది అడుగుల వెడల్పుతో కెమెరాకు చాలా దగ్గరగా ఉందని దాని అంచనా.

అసలు చిక్కు దూరంలోనే ఉంది. ఫోటోలో పరిమాణం నమోదు కాదు, కోణం మాత్రమే నమోదవుతుంది. 57 అడుగుల దూరంలోని 1 అడుగు పళ్లెం, 1140 అడుగుల దూరంలోని 20 అడుగుల వాహనం ఫోటోలో ఒకే వెడల్పున కనిపిస్తాయి. అందుకే స్పష్టతను, గాలిలోని మసకను పరిశీలిస్తారు. దూరపు వస్తువు నీడ భాగాలు మసకలో వెలిసిపోవాలి. నల్లగా, పదునుగా ఉంటే అది దగ్గరిదేమోనని అనుమానించాలి.

తరువాత కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎగిరే పళ్లేలపై అధ్యయనం చేసిన కాండన్ కమిటీ, కెమెరా లెన్స్ మూతను దారంతో వేలాడదీసి దాదాపు అలాంటి ఫోటోనే తీసింది. నాకు ఇది ఎంతో విలువైన ప్రయోగం. అయితే అలా తీయవచ్చని తేలినంత మాత్రాన అలాగే తీశారని రుజువు కాదు. కమిటీ కూడా శాంటా అనా ఫోటోలను నిజమైన వాహనానికి సాక్ష్యంగా అంగీకరించలేదు, అంతే.