టీబీ మందులు వాడినా ఆయాసం తగ్గలేదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా ఆయనకు 42 ఏళ్లు. 17 ఏళ్లుగా గ్రానైట్ క్వారీలో జాక్‌హామర్‌తో బండకు రంధ్రాలు వేసే పని. రెండేళ్లుగా పొడి దగ్గు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కినా ఆయాసం. ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగినా గుణం లేదు. తెమడలో క్రిములు కనపడలేదట. ముక్కుకు తువ్వాలు కట్టుకునే పనిచేసేవారు. మా అబ్బాయికి 19 ఏళ్లు. నాన్న బదులు తను పోతానంటున్నాడు. పంపమంటారా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఎక్స్‌రే చూసిన డాక్టరుకు మీ ఆయన చేసే పని చెప్పారా? నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ‘కూలి పని’ అని ఊరుకుంటారు. ఏం కూలి అని నేను గుచ్చి గుచ్చి అడుగుతాను. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం సిలికోసిస్ మీదే. అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు.

గ్రానైట్‌లో సిలికా అనే ఖనిజం ఎక్కువ. డ్రిల్లు దిగేటప్పుడు కంటికి కనపడే దుమ్ముకన్నా కనపడనిదే ప్రమాదం. అయిదు మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న రేణువు తువ్వాలు నేతలోంచి దూరి, ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతుంది. అక్కడి రక్షక కణాలు దాన్ని మింగి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. ఏళ్ల తరబడి మచ్చలు పేరుకుని ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. ఎక్స్‌రేలో ఈ మచ్చలు టీబీలాగే కనిపిస్తాయి.

అలాగని టీబీ లేదని చెప్పలేను. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా సోకుతుంది, రెండూ ఉండొచ్చు. తెమడకు సీబీనాట్ (టీబీ క్రిమిని దాని జన్యు పదార్థంతో పట్టే పరీక్ష), ఛాతీకి సీటీ స్కాన్, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి సత్తువ కొలిచే పరీక్ష) చేయించండి. పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి.

దాచకుండా చెబుతున్నాను, పడిన మచ్చను కరిగించే మందు లేదు. ఆయన ఇక ఒక్క రోజు కూడా ఆ దుమ్ములోకి వెళ్లకూడదు. బీడీ అలవాటుంటే మాన్పించండి.

చట్టం ప్రకారం సిలికోసిస్‌ నోటిఫై చేసిన వృత్తి వ్యాధి, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బు. గుర్తించిన డాక్టరు దాన్ని అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. జబ్బు పేరు, చేసిన పని, ఎన్నేళ్లు చేశారో కాగితం మీద రాయించుకోండి. పరిహారం అడగాలంటే అదే ఆధారం. జీతం పడిన పాస్‌బుక్, హాజరు చీటీలు ఏవున్నా భద్రం.

అబ్బాయిని పంపకండమ్మా. మరీ తప్పదంటే, నీళ్లు పడుతూ డ్రిల్లింగ్ జరిగే చోటికే, తువ్వాలు కాదు, ఎన్‌95 మాస్కుతో. చేరకముందే ఒక ఎక్స్‌రే తీయించి ఇంట్లో దాచండి, తర్వాత పోల్చి చూడటానికి.