పాఠకుల ప్రశ్నలు: కారుతో సహా కుక్ జలసంధి దాటడం

ప్రశ్న: మేము న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉంటున్నాము. డిసెంబరు నెలాఖరున గుంటూరు జిల్లా నుంచి మా అత్తమామలు వస్తున్నారు. ఇద్దరికీ డెబ్బై ఏళ్ళకు అటూ ఇటుగా ఉంటాయి. మాకు తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. అందరం కలిసి మా ఏడు సీట్ల కారులో దక్షిణ దీవికి, క్వీన్స్‌టౌన్ దాకా వెళ్ళి రావాలని ఉంది. కారును ఫెర్రీ ఎక్కించడం మేలా, వెల్లింగ్టన్‌లో వదిలి అవతల అద్దె కారు తీసుకోవడం మేలా? అత్తయ్యగారికి బస్సు ప్రయాణమే పడదు. సముద్రం మీద ఎలా తట్టుకుంటారో తెలియడం లేదు.
– పాఠకురాలు, హామిల్టన్

సమాధానం: మీ పరిస్థితిలో కారును వెంట తీసుకువెళ్ళడమే మంచిది. ఆరుగురి సామాను, పాప సీటు, పెద్దవారి మందుల సంచులు వెల్లింగ్టన్‌లో దింపి దక్షిణ దీవి వైపు రేవైన పిక్టన్‌లో మరో బండిలోకి ఎక్కించడం, రద్దీ రోజుల్లో అక్కడ ఏడు సీట్ల బండి కోసం వెతుక్కోవడం టిక్కెట్టులో మిగిలే డబ్బుకు తగిన శ్రమ కాదు. ఇద్దరే దంపతులు అయితే నా సలహా వేరుగా ఉండేది.

అయితే ముందుగా నిర్ణయించుకోవలసింది దారి కాదు, ఓడ. సాధారణంగా మనవారు ఊళ్ళు, హోటళ్ళు అన్నీ ఖరారు చేసుకుని చివరిగా ఫెర్రీ టిక్కెట్టు కోసం చూస్తారు. ఈ ప్రయాణంలో అది తలకిందుల పద్ధతి. వెల్లింగ్టన్, పిక్టన్‌ల మధ్య కార్లను చేరవేసేవి ఇంటర్ ఐలాండర్, బ్లూబ్రిడ్జ్ అనే రెండు సర్వీసులు మాత్రమే. ఇంటర్ ఐలాండర్ వారి మూడు ఓడల్లో రైలు పెట్టెలను కూడా మోసే ‘అరాటెరె’ 2025 ఆగస్టులో సేవ నుంచి తప్పుకుంది. దాని స్థానంలోకి రావలసిన కొత్త ఓడలను 2029 నాటికి గాని తీసుకురాలేమని ప్రభుత్వం చెప్పింది. అంతవరకూ ఆ సర్వీసు రెండు ఓడలతోనే నడవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ వేసవి సెలవులు కాబట్టి మనుషులకు చోటు దొరికినా కార్లకు చోటు ముందే నిండిపోతుంది. కనుక రానూ పోనూ ఓడ తేదీలు ఖాయమైన తరువాతనే తక్కినవి వాటి చుట్టూ అమర్చుకోండి. బుకింగ్ చేసేటప్పుడు కారు పొడవు, ఎత్తు సరిగ్గా చెప్పండి. పైకప్పు మీద సామాను పెట్టె గాని, వెనుక సైకిళ్ళ చట్రం గాని ఉంటే వాటినీ కలిపే కొలవాలి; రేవులో కొలత తేడా వస్తే అదనంగా కట్టవలసి రావచ్చు, చోటు లేకపోతే ఆ ఓడే తప్పవచ్చు.

రెండు దీవుల మధ్య ఉన్న కుక్ జలసంధి అతి ఇరుకైన చోట సుమారు 22 కిలోమీటర్లే ఉంటుంది. ఓడ వెళ్ళే దారి మాత్రం దాదాపు 92 కిలోమీటర్లు. మూడున్నర గంటలు పడుతుంది. వెల్లింగ్టన్ రేవు నుంచి బయటపడి జలసంధిని దాటిన తరువాత టోరీ ఛానెల్ అనే సన్నని పాయలోకి ప్రవేశించి, పచ్చని కొండల మధ్య క్వీన్ షార్లెట్ సౌండ్ మీదుగా పిక్టన్ చేరుతుంది. ఆ చివరి గంటలో నీరు చెరువులా ఉంటుంది. అసలు కుదుపు ఉండేది మధ్యలో, రెండు వైపులా కొండల అండ లేని జలసంధిలో. ఆ అక్షాంశాలలో ఎడతెగక వీచే పడమటి గాలులు రెండు దీవుల కొండల నడుమ ఉన్న ఈ ఒక్క సందులోంచే దూసుకుపోవలసి వస్తుంది. పైగా ఒకవైపు సముద్రంలో పోటు ఉన్నప్పుడు రెండో వైపు దాదాపు ఆటు సమయం కావడం వల్ల జలసంధిలో ప్రవాహాలు బలంగా ఉంటాయి. దక్షిణపు గాలి తిరిగిన రోజున అలల ఎత్తు మితి మీరితే ఓడలను ఆపివేస్తారు. 1968 ఏప్రిల్ 10న ‘వాహినె’ అనే ఫెర్రీ తుఫానులో చిక్కి వెల్లింగ్టన్ రేవు ముఖద్వారంలోనే మునిగిపోయి, యాభై మందికి పైగా మరణించిన విషయాన్ని అక్కడివారు నేటికీ మరచిపోలేదు. ఓడ రద్దయిందని విసుక్కునేవారికి ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

అందువల్ల తిరుగు ప్రయాణంలో ఒక నియమం కచ్చితంగా పాటించండి. మీ అత్తమామల ఇండియా విమానానికి ముందు రోజున జలసంధి దాటేలా ఎప్పుడూ పెట్టుకోకండి. కనీసం మూడు రోజుల వ్యవధి ఉంచుకోండి. ఒక ఓడ రద్దయితే ఆ ప్రయాణికులను తరువాతి ఓడల్లో ఖాళీని బట్టి సర్దుతారు. సెలవుల రద్దీలో కారుతో సహా చోటు దొరకడానికి ఒకటి రెండు రోజులు కాదు, అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. తేదీ మార్చుకునే వీలున్న టిక్కెట్టు కొంచెం ఖరీదైనా, అదే కొనమని చెబుతాను.

ఇక అత్తయ్యగారి సంగతి. పగటి ఓడను, వీలైతే ఉదయపు ఓడను ఎంచుకోండి. మధ్య భాగంలో, కింది అంతస్తులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా తీరాన్నో దిగంతాన్నో చూస్తూ ఉండమనండి. ఫోను, పుస్తకం వద్దు. ఖాళీ కడుపూ మంచిది కాదు, నూనె పూరీలూ మంచివి కావు. రెండు ఇడ్లీలు, కాస్త అల్లం చాలు. వాంతులు ఆపే మాత్రలు ఓడ కదలడానికి ముందే వేసుకుంటేనే పనిచేస్తాయి, కానీ వాటిలో చాలావరకు మత్తు కలిగించేవి, గ్లకోమా, ప్రోస్టేటు సమస్యలు ఉన్నవారికి కొన్ని పడవు. కనుక పెద్దవారిద్దరి విషయంలోనూ ముందుగా డాక్టరును అడగండి. కారు నడపవలసినవారు మత్తు మాత్ర వేసుకోకూడదు, ఎందుకంటే పిక్టన్‌లో దిగిన మరుక్షణమే స్టీరింగు పట్టుకోవాలి.

ఓడ ఎక్కేటప్పుడు కనీసం గంట ముందు రేవులో ఉండాలి. కారును లోపల నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, అలారం తీసివేసి అందరూ పైకి వెళ్ళిపోవాలి. ప్రయాణం జరుగుతున్నంతసేపూ కార్ల డెక్కుకు ఎవరినీ రానివ్వరు. కాబట్టి మందులు, శాలువాలు, పాప పాలు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. ఈ ఒక్క మాట మరచిపోయినవారు మూడున్నర గంటలూ ఇబ్బంది పడతారు. మెట్లెక్కలేని పెద్దవారు ఉన్నారని బుకింగులోనూ, చెక్-ఇన్ దగ్గరా ముందే చెప్పండి.

దారి గురించి: హామిల్టన్ నుంచి వెల్లింగ్టన్ ఐదు వందల కిలోమీటర్ల పైమాటే, పిల్లలూ పెద్దలూ ఉన్న కారు దానిని ఒక్క రోజులో లాగవలసిన అవసరం లేదు. టౌపో సరస్సు దగ్గర ఒక రాత్రి ఆగండి, వెల్లింగ్టన్‌లో మరో రాత్రి పడుకుని ఉదయం ఓడ ఎక్కండి. పిక్టన్ నుంచి రెండు గంటల దూరంలో కైకౌరా ఉంది. తీరానికి దగ్గరలోనే సముద్రం లోతు కావడం వల్ల స్పెర్మ్ తిమింగలాలు అక్కడ ఏడాది పొడుగునా కనిపిస్తాయి. 2016 నవంబరు 14న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో ఆ తీరపు రోడ్డు కొండచరియల కింద పడి మూసుకుపోయి, తిరిగి 2017 డిసెంబరులో గాని తెరుచుకోలేదు. ఆ మరమ్మతు పనితనం చూస్తూ వెళ్ళడమే ఒక అనుభవం.

పిక్టన్‌లో దిగగానే పరుగెత్తకండి. రేవుకు నడిచి వెళ్ళేంత దగ్గరలో ‘ఎడ్విన్ ఫాక్స్’ అనే పాత ఓడ ఉంది. 1853లో కలకత్తాలో టేకుతో కట్టిన ఓడ అది. క్రిమియా యుద్ధానికి సైనికులను, పశ్చిమ ఆస్ట్రేలియాకు ఖైదీలను, న్యూజిలాండ్‌కు వలస కుటుంబాలను మోసి, చివరకు మాంసం గడ్డకట్టించే గిడ్డంగిగా, బొగ్గు నిల్వగా మారి పిక్టన్‌లో మిగిలిపోయింది. మీ మామగారికి చూపించండి. మన టేకు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆయన మీ అందరికంటే బాగా చెప్పగలరు.

ప్రశ్న: మేము విజయవాడ నుంచి వెళ్ళి ఆక్లాండ్‌లో కారు అద్దెకు తీసుకోబోతున్నాము. ఆ కారును ఓడ ఎక్కించనిస్తారా? ఇక్కడి లైసెన్సుతో నేను నడపవచ్చా? రాష్ట్రంలో ముప్ఫై ఏళ్ళుగా కారు నడుపుతున్నాను.
– పాఠకుడు, విజయవాడ

సమాధానం: అది ఆయా సంస్థల నిబంధనను బట్టి ఉంటుంది. కొన్ని సంస్థలు జలసంధి దాటడానికి అనుమతిస్తాయి. కొన్ని వెల్లింగ్టన్‌లో ఒక కారు అప్పగించి పిక్టన్‌లో మరొకటి తీసుకోమంటాయి. అనుమతి లేకుండా ఎక్కిస్తే బీమా వర్తించకపోవచ్చు, కాబట్టి ఒప్పందంలో రాతపూర్వకంగా ఉందో లేదో చూసుకోండి. చెల్లుబాటులో ఉన్న మీ లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే సందర్శకునిగా నడపవచ్చు. నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో ఉండాలి.

అక్కడా మనలాగే ఎడమవైపు నడకే. కానీ ముప్ఫై ఏళ్ళ అనుభవం కొంత అడ్డు కూడా కాగలదు. ఊరి బయట వేగ పరిమితి సాధారణంగా గంటకు 100 కిలోమీటర్లు. అయినా కొండ మలుపుల్లో దానిలో సగం వేగమే క్షేమం. ఒకే వరుస వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మీ వైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఎదుటి బండికి దారి ఇచ్చి ఆగాలి. అక్కడ ‘ముందు ముక్కు దూర్చినవాడిదే దారి’ అనే మన పద్ధతి చెల్లదు. వెనుక బండ్లు పోగుపడితే పక్కకు తీసి వాటిని పోనివ్వండి. ఏడేళ్ళ లోపు పిల్లలకు ఆమోదించిన పిల్లల సీటు తప్పనిసరి, కాబట్టి కారుతోపాటే దాన్నీ అడిగి తీసుకోండి.

ప్రశ్న: అదే కారుతో స్టీవర్ట్ దీవికి కూడా వెళ్ళవచ్చా?
– పాఠకురాలు, వరంగల్

సమాధానం: వెళ్ళలేరు. దక్షిణ దీవి దక్షిణ కొసన ఉన్న బ్లఫ్ రేవు నుంచి ఫోవో జలసంధి మీదుగా గంట సేపు నడిచే ఆ ఫెర్రీ మనుషులకు మాత్రమే. కారును బ్లఫ్‌లో నిలిపి వెళ్ళాలి. కారుతో మరో దీవి చూడాలనే కోరిక ఉంటే ఆక్లాండ్ దగ్గరి వైహెకె దీవికి కార్ల ఫెర్రీ ఉంది, గంట లోపు ప్రయాణమే. పిల్లలతో ఒక్క రోజు సరదాకు అది చాలు.

ప్రశ్న: మా అమ్మ గోంగూర పచ్చడి, నెయ్యి, తేనె లేకుండా బయలుదేరదు. ఆహారం సంగతి ఏమిటి?
– పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: దీవుల మధ్య ప్రయాణంలో వీటికి తనిఖీ ఉండదు, అసలు తనిఖీ దేశంలో దిగేటప్పుడే. తెచ్చిన ప్రతి ఆహార పదార్థాన్ని ప్రకటన పత్రంలో చూపించాలి. చూపిస్తే మహా అయితే తీసి పారవేస్తారు, దాచి పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా పడుతుంది. తేనె మాత్రం తీసుకువెళ్ళకండి. బియ్యం, కందిపప్పు, నెయ్యి ఆక్లాండ్‌లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. అక్కడి మోటెళ్ళలో చాలావాటికి చిన్న వంటగది ఉంటుంది కనుక, గది తీసుకునేటప్పుడు అది ఉన్నదే అడిగి తీసుకోండి. ఒక రైస్ కుక్కరు కారులో వేసుకుంటే అమ్మగారికి ఏ ఊరిలోనూ ఇబ్బంది ఉండదు.

ఇంకొక సంగతి: చేపల వేట సరంజామా, రబ్బరు బూట్లు, కాయాక్ అనే చిన్న పడవల వంటివి దక్షిణ దీవి నదుల్లో తడిస్తే, తిరిగి ఉత్తర దీవికి తెచ్చే ముందు శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ‘డిడిమో’ అనే నాచు 2004లో దక్షిణ దీవి నదుల్లో బయటపడింది. ఒక్క తడి చుక్కతో ఉత్తర దీవికి పాకకూడదని అక్కడివారి పట్టుదల.