ప్రింట్లు నల్లగా, రంగులు వెలిసినట్టు వస్తున్నాయా?
మీ డిజిటల్ పెయింటింగ్‌ల మొదటి ప్రింట్ ఆర్డర్ అలా రావడానికి రెండు కారణాలు ఉండొచ్చు. నలుపేమో, మానిటర్ బ్రైట్‌నెస్ ఎక్కువై, తెరమీద బొమ్మ అసలుకన్నా వెలుగ్గా కనపడటం వల్ల. వెలిసిన రంగులేమో, అడోబీ ఆర్‌జీబీ (ఎక్కువ రంగులు పట్టే రంగుల పద్ధతి) ఫైల్‌ని ల్యాబ్ మెషిన్ ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా వాడే పద్ధతి) అనుకుని కొట్టడం వల్ల.

1. కాలిబ్రేటర్ (తెర వెలుగు, రంగులు కొలిచే పరికరం) ఉంటే బ్రైట్‌నెస్ 100 నిట్స్ (వెలుగు కొలత) దగ్గర పెట్టండి. లేకపోతే సగానికి తగ్గించి చూడండి.

2. ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్ నొక్కి, ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే: దాని పైనున్న అసైన్ ప్రొఫైల్ నొక్కేస్తారు. అది లేబుల్ మాత్రమే మారుస్తుంది, పిక్సెల్ విలువలు అలాగే ఉండిపోతాయి, గడ్డి పచ్చదనం అక్కడికక్కడే చప్పబడుతుంది. కన్వర్ట్ సరిగ్గా జరిగితే తెరమీద తేడా దాదాపు కనపడదు.

3. ఫైల్ సైజు చూసుకోండి: అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన 12x18 అంగుళాలకి 3600x5400 పిక్సెల్స్.

4. ఆటో కరెక్షన్ (మెషిన్ తనంతట తానే రంగులు మార్చడం) వద్దని ల్యాబ్‌వాళ్లకి చెప్పి, ముందు 4x6 అంగుళాల ప్రింట్ ఒకటి తీయించి చూడండి. మీ డిజిటల్ పెయింటింగ్‌లోని నియాన్ రంగులు కాగితం మీద అంత మెరుపుతో రావు.