టెక్ సందేహాలు: 502 వచ్చిందంటే బేలు మీ కొట్టు గుమ్మం దాకా వచ్చినట్టే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉన్నాయి. కొన్ని కంప్యూటర్లను ఒక గుంపుగా కలిపి వాటి మీద యాప్‌లు నడిపే కుబర్నెటీస్ క్లస్టర్ కట్టారు, లోపల యాప్ నడుస్తోంది, బయటి నుంచి మాత్రం తెరుచుకోవడం లేదు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం... అన్నీ మన ఒడిశా సరిహద్దు ఊళ్లే. పాత కంప్యూటర్లు పోగేసి సొంతంగా క్లస్టర్ నడుపుకునేవాళ్లు మన తెలుగువాళ్లలో ఇక్కడ ఇంతమంది ఉన్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మొదటి ఉత్తరంలో ఉన్న చిక్కు మిగతా చాలామందికి కూడా పనికొస్తుంది కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

రాయగడ నుంచి: సర్, మాది బట్టల హోల్‌సేల్ కొట్టు. స్టాకు, బిల్లుల కోసం పైథాన్‌లో, ఫ్లాస్క్ అనే వెబ్ పనిముట్టుతో చిన్న యాప్ రాసుకున్నాను. మూడు పాత డెస్క్‌టాప్‌ల మీద కే3ఎస్ (కుబర్నెటీస్ తేలికపాటి రూపం) పెట్టి అందులో నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ నుంచి పోర్ట్-ఫార్వర్డ్ చేస్తే పేజీ చక్కగా వస్తోంది. కౌంటర్ దగ్గర నాన్న ఫోన్‌లో తెరిస్తే 502 బ్యాడ్ గేట్‌వే అంటోంది. పాడ్‌లన్నీ (క్లస్టర్‌లో యాప్ నడిచే డబ్బాలు) రన్నింగ్‌లోనే ఉన్నాయి. ఇన్‌గ్రెస్ ఫైలు నాలుగుసార్లు తిరగరాశాను, వైఫై రూటర్ రీసెట్ చేశాను. దసరా అమ్మకాలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఇన్‌గ్రెస్ ఫైలును, రూటర్‌ను వదిలేయండి. రెండింటిలోనూ తప్పు లేదు. ఆ సంగతి మీకు వచ్చిన 502 అన్న అంకే చెబుతోంది.

మీది బట్టల వ్యాపారం కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. సూరత్ నుంచి మీ పేరు మీద ఒక బేలు బయల్దేరిందనుకోండి. రాయగడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో దిగింది. అక్కడి గుమస్తా రిజిస్టర్‌లో మీ కొట్టు పేరు చూసుకుని కళాసీకి అప్పగించాడు. కళాసీ మోసుకుని కొట్టు దాకా వచ్చాడు. ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే మీ ఇన్‌గ్రెస్ కంట్రోలర్. కే3ఎస్‌తో పాటే వచ్చే ట్రెఫిక్ (Traefik) అనే ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. గుమస్తా దగ్గరున్న రిజిస్టర్ మీ ఇన్‌గ్రెస్ ఫైలు. కొట్టు మీ పాడ్.

ఇప్పుడు ఎర్రర్లు చూడండి. 404 వస్తే బేలు ఆఫీసులో దిగింది, రిజిస్టర్‌లో ఆ పేరు లేదు. ఇన్‌గ్రెస్‌లో హోస్ట్ పేరు ఒకటి రాసి, ఫోన్‌లో ఐపీ నంబరు కొడితే జరిగేది ఇదే. 503 వస్తే రిజిస్టర్‌లో కొట్టు ఉంది, సరుకు దింపుకోవడానికి తయారుగా ఉన్న పాడ్ ఒక్కటీ లేదు. ట్రెఫిక్ పాత వెర్షన్లలో ఇదే సందర్భానికి 404 కూడా రావచ్చు. 504 అయితే సరుకు ఇచ్చి రసీదు కోసం ఎదురుచూసి విసిగి వెనక్కి వెళ్లడం. ఇక మీకు వచ్చిన 502 అంటే కళాసీ కొట్టు దాకా వచ్చాడు, షట్టర్ దించి ఉంది. అంటే పేరు సరిగ్గా దొరికింది, వైఫై బాగుంది, 80వ పోర్ట్ తెరిచే ఉంది, ఇన్‌గ్రెస్ నియమం కూడా సరిపోయింది. మీరు నాలుగుసార్లు తిరగరాసిన చోట అంతా సవ్యంగానే ఉంది. చిక్కు అంతా చివరి నాలుగు అడుగుల్లో, ఇన్‌గ్రెస్ కంట్రోలర్ నుంచి పాడ్ దాకా ఉన్న దారిలో ఉంది.

మరి పోర్ట్-ఫార్వర్డ్ ఎలా పనిచేసింది? మన ఊళ్లలో ముందు కొట్టు, వెనక ఇల్లు ఉంటాయి కదా. పోర్ట్-ఫార్వర్డ్ పెరటి గుమ్మం. అది సర్వీస్ (పాడ్‌ల ముందు ఉండే స్థిరమైన పేరు, చిరునామా) దారిన గానీ ఇన్‌గ్రెస్ దారిన గానీ రాదు. నేరుగా పాడ్ లోపలి నెట్‌వర్క్‌లోకి దిగి, అక్కడి లోకల్‌హోస్ట్‌ను తడుతుంది. కొట్టు షట్టర్ దించి ఉన్నా పెరట్లోంచి వచ్చినవాళ్లకు లోపల అన్నీ కనిపిస్తాయి. అందుకే పోర్ట్-ఫార్వర్డ్‌లో పేజీ వచ్చిందంటే యాప్ బతికి ఉందని మాత్రమే అర్థం, బయటివాళ్లకు తెరిచి ఉందని కాదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. పోర్ట్-ఫార్వర్డ్ పనిచేసింది కాబట్టి యాప్‌లో తప్పు ఉండదనుకుని రోజుల తరబడి నెట్‌వర్క్‌ను తవ్వుతారు.

మీ షట్టర్ ఎందుకు దించి ఉందో కూడా ఊహించగలను. ఫ్లాస్క్‌ను మామూలుగా నడిపితే అది 127.0.0.1 మీద, 5000 పోర్ట్‌లో వింటుంది. అంటే ఆ పాడ్ లోపలివాళ్ల మాట మాత్రమే ఆలకిస్తుంది. కళాసీ వచ్చేది పాడ్ ఐపీకి. అక్కడ వినేవాళ్లు ఎవరూ లేరు. యాప్ నడిపేటప్పుడు హోస్ట్‌గా 0.0.0.0 ఇవ్వండి. రోజువారీ బిల్లింగ్‌కు ఫ్లాస్క్ సొంత సర్వర్ కంటే గునికార్న్ అనే సర్వర్ మేలు. కానీ అదీ ఏమీ చెప్పకపోతే 127.0.0.1 మీదే కూర్చుంటుంది, కాబట్టి బైండ్ అన్నచోట 0.0.0.0:5000 అని స్పష్టంగా రాయండి. ఇమేజ్ (పాడ్‌లో నడిచే యాప్ మూట) మళ్లీ తయారుచేసి, కొత్త ట్యాగ్‌తో (వెర్షన్ పేరుతో) పంపండి. పాత ట్యాగే వాడితే నోడ్‌లో (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్‌లో) దాచి ఉన్న పాత ఇమేజ్ మళ్లీ లేచే అవకాశం ఉంది.

మార్చే ముందు మాత్రం నా ఊహ నిజమో కాదో చూసుకోండి. క్యూబ్‌సీటీఎల్ గెట్ ఎండ్‌పాయింట్‌స్లైసెస్ (kubectl get endpointslices) అని కొట్టండి. మీ సర్వీస్ పేరుతో ఉన్న వరసలో పాడ్ ఐపీలు కనిపించాలి. అక్కడ ఖాళీగా ఉంటే సర్వీస్ సెలెక్టర్ (ఏ పాడ్‌లకు పంపాలో చెప్పే మాట), పాడ్ లేబుల్ కలవడం లేదన్నమాట. ఐపీ కనిపించినంత మాత్రాన సరిపోదు, తయారుగా లేని పాడ్ ఐపీ కూడా ఆ పట్టికలో కనిపిస్తుంది. డిస్క్రైబ్ చేసి, రెడీ అన్నచోట ట్రూ ఉందో లేదో చూడండి. నేనొకసారి ఇలాంటి సమస్యకే ఒక రాత్రంతా ఫైర్‌వాల్ నియమాలు తిరగేశాను. తెల్లవారాక చూస్తే సెలెక్టర్‌లో ఒక అక్షరం తేడా. ఆ రోజు నుంచి ఎండ్‌పాయింట్లు చూడకుండా ఇంకేదీ ముట్టుకోను.

ఆ తర్వాత క్లస్టర్ లోపలే కర్ల్ (చిరునామాను తట్టి చూసే ఆదేశం) ఉన్న ఒక తాత్కాలిక పాడ్ లేపి, అక్కడి నుంచి మీ పాడ్ ఐపీని, 5000 పోర్ట్‌ను తట్టండి. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే ఆ చిరునామాలో వినేవాళ్లు లేరు, నేను చెప్పిందే మీ జబ్బు. చాలాసేపు ఆగి టైమ్‌డ్ అవుట్ అంటే కథ వేరు, దారిలో ఎవరో అడ్డుకుంటున్నారు. మూడు డెస్క్‌టాప్‌ల మధ్య యూడీపీ 8472 పోర్ట్ మూసి ఉంటే అలా అవుతుంది. కే3ఎస్‌లో పాడ్‌ల నెట్‌వర్క్ చూసుకునే ఫ్లానెల్ ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు ఆ పోర్ట్ మీదే మాట్లాడుకుంటుంది. ఒక నోడ్‌లోని పాడ్ పలికి, పక్క నోడ్‌లోది పలకకపోతే ముందు దీన్నే అనుమానించండి. పేజీ ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉండటానికి కూడా ఇది కారణం కావచ్చు.

పాడ్ పలికితే, సర్వీస్ పేరుతో తట్టండి. అక్కడ తేడా వస్తే టార్గెట్‌పోర్ట్ (సర్వీస్ పాడ్‌లో తట్టే పోర్ట్) చూడండి. సర్వీస్‌లో పోర్ట్ 80 అని రాసి టార్గెట్‌పోర్ట్ రాయకపోతే అదీ 80 అనే లెక్క, మీ యాప్ ఉన్నది 5000లో. పాడ్ వివరాల్లో కంటెయినర్‌పోర్ట్ 5000 అని రాశాం కదా అంటారు కొందరు. అది గుర్తు కోసం రాసుకునే మాట, దాని వల్ల ఏ తలుపూ తెరుచుకోదు. సర్వీస్ కూడా పలికాకే ఇన్‌గ్రెస్ దగ్గరికి రండి. లోపలి నుంచి బయటికి, ఒక్కో గుమ్మం దాటుకుంటూ రావాలి.

ఇంకో పని కూడా తప్పకుండా చేయండి. రెడీనెస్ ప్రోబ్ (పాడ్ తయారుగా ఉందో లేదో చూసే పరీక్ష) పెట్టండి. అది పాడ్ ఐపీని తట్టి చూస్తుంది, అంటే కళాసీ వచ్చే వీధి వైపు నుంచే. అది ముందే ఉండి ఉంటే మీ పాడ్ 1/1 బదులు 0/1 అని చూపించేది, ఈ తప్పు మొదటి రోజే దొరికేది. రన్నింగ్ అన్న మాటను నమ్మకండి. దాని పక్కనున్న రెడీ అంకెను చూడండి.

గుణుపురం నుంచి, ఇంజినీరింగ్ విద్యార్థిని: సర్, ఇంట్లో 5జీ వైర్‌లెస్ ఇంటర్నెట్ ఉంది. నా ప్రాజెక్టును నోడ్‌పోర్ట్ (నోడ్ మీదే తెరిచే పోర్ట్) 30080 మీద పెట్టాను. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా చేశాను. ఇంటి వైఫైలో వస్తోంది, మొబైల్ డేటా మీద చూస్తే తిరిగి తిరిగి ఆగిపోతోంది. ఇంటర్వ్యూలో చూపించాలి.

జవాబు: నోడ్‌పోర్ట్ 30000 నుంచి 32767 లోపే ఉండాలి, మీది ఉంది. ఇంట్లో వస్తోంది కాబట్టి క్లస్టర్ బాగుంది. అడ్డం ఇంటి బయట ఉంది. రూటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేదైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. ఇంటర్నెట్ కంపెనీలు ఎందరో చందాదారులను ఒకే ఐపీ వెనక ఉంచడానికి 2012లో ప్రత్యేకంగా కేటాయించిన వరస అది. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు ఇచ్చినట్టు. మీరు మీ గది తలుపు తెరిచి పెట్టుకున్నా, వీధి మొదట్లోని గేటు మీ చేతిలో లేదు. నెట్‌లో 'నా ఐపీ ఏంటి' అని వెతికితే వచ్చే నంబరు, రూటర్ చూపించే నంబరు వేరుగా ఉన్నా ఇదే అర్థం. ఈ పోలిక రూటర్ పేజీలోనే చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ ఉంటే అదీ 100తో మొదలయ్యే చిరునామానే ఇస్తుంది, పొరబడతారు.

ఇంకెన్ని పోర్ట్‌లు ఫార్వర్డ్ చేసినా లాభం లేదు. బయటివాళ్లు లోపలికి రాలేనప్పుడు మనమే బయటికి వెళ్లి దారి వేయాలి. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఆ పని చేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్‌ను క్లస్టర్‌లో నడిపి, మీ సర్వీస్ పేరు చెబితే చాలు, నోడ్‌పోర్ట్ అక్కర్లేదు. ఖాతా లేకుండానే తాత్కాలిక చిరునామా ఒకటి ఇస్తుంది. ఇంటర్వ్యూకు అది సరిపోతుంది. ఇంటర్వ్యూ రోజున పొద్దున్నే మొబైల్ డేటా మీద ఒకసారి తెరిచి చూసుకోండి, టన్నెల్ ఆగి మళ్లీ మొదలైతే ఆ చిరునామా మారిపోతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. 6443 పోర్ట్‌ను, అంటే కుబర్నెటీస్ ఏపీఐని, ఎప్పుడూ బయటికి తెరవకండి. మీ ప్రాజెక్టు ఒక్కటే బయటికి కనిపించాలి. పై ఉత్తరం రాసిన రాయగడ పాఠకుడికి కూడా ఒక మాట. ఈ టన్నెల్‌లో మామూలుగా హెచ్‌టీటీపీఎస్ తాళం విప్పేది క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే. కొట్టు లెక్కలు పార్వతీపురంలో ఉన్న ఆడిటర్‌కు చూపించాలంటే టెయిల్‌స్కేల్ లాంటి సొంత వీపీఎన్ వాడండి. ఇద్దరు చూడాల్సిన పేజీని ప్రపంచానికి తెరవాల్సిన పని లేదు.

పర్లాకిమిడి నుంచి, ఒక లెక్చరర్: మా విద్యార్థుల అసైన్‌మెంట్ల యాప్ క్లస్టర్‌లో ఉంది. టైపు చేసిన జవాబులు వెళ్తున్నాయి. చేతిరాత కాగితాన్ని ఫోటో తీసి పంపితే 413 వస్తోంది. ఇన్‌గ్రెస్ కంట్రోలర్‌గా ఇన్‌గ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్ వాడుతున్నాం.

జవాబు: మేడమ్, ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన రిక్వెస్ట్‌ను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇప్పటి ఫోన్ ఫోటోలు చాలావరకు అంతకంటే పెద్దవే. మీ ఇన్‌గ్రెస్ యానొటేషన్లలో (ఫైలులో రాసే అదనపు సెట్టింగ్‌లలో) ప్రాక్సీ-బాడీ-సైజ్‌ను 10ఎమ్ చేయండి, ఫోటోలు వెళ్తాయి.

మీరు అడగకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. ఇన్‌గ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాజెక్టును ఆపేస్తున్నట్టు కుబర్నెటీస్ బృందం 2025 నవంబరులో ప్రకటించింది. చేతనైనంత మేర చూసుకుంటామన్న గడువు 2026 మార్చి దాకానే. ఆ తర్వాత కొత్త విడుదలలు, భద్రతా సవరణలు ఉండవు. నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది, అందుకే చాలామందికి ప్రమాదం కనిపించదు. ఇదే కంట్రోలర్‌లో 2025 మార్చిలో బయటపడిన లోపం తీవ్రత 10కి 9.8. అలాంటిది మళ్లీ వస్తే ఇక బాగుచేసేవాళ్లు ఉండరు. మీ దగ్గర విద్యార్థుల వివరాలు ఉన్నాయి, దయచేసి వాయిదా వేయకండి.

కంగారు కూడా వద్దు. ఆగిపోయింది ఆ కంట్రోలర్ ఒక్కటే, ఇన్‌గ్రెస్ అనే పద్ధతి కాదు. ఇన్‌గ్రెస్‌లో కొత్త సౌకర్యాలు చేర్చడం మానేశారు కానీ దాన్ని తీసేయడం లేదు. ట్రెఫిక్ లాంటి వేరే కంట్రోలర్‌కు మారితే మీ ఫైళ్లు చాలావరకు అలాగే ఉంటాయి. యానొటేషన్లు మాత్రం ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి, ఈ ఫోటో సైజుతో సహా. తీరిక ఉంటే నేరుగా ఇన్‌గ్రెస్ తర్వాతి తరం పద్ధతి అయిన గేట్‌వే ఏపీఐకి వెళ్లండి, అది 2023 అక్టోబరులోనే 1.0 అయింది. సెలవుల్లో ఒక పక్క కొత్తది నిలబెట్టి, పరీక్షించి, ఆ తర్వాతే డీఎన్‌ఎస్ మార్చండి. పరీక్షల వారంలో ముట్టుకోవద్దు.

జయపురం నుంచి: ఆన్‌లైన్ కోర్సులో చూసి సర్వీస్ టైప్ లోడ్‌బ్యాలెన్సర్ అని పెట్టాను. రెండు రోజులుగా ఎక్స్‌టర్నల్ ఐపీ దగ్గర పెండింగ్ అనే ఉంది. ఇంకెంతసేపు ఆగాలి?

జవాబు: ఆగినా రాదు. లోడ్‌బ్యాలెన్సర్ అంటే 'నాకొక బయటి ఐపీ ఇవ్వండి' అని క్లౌడ్ కంపెనీకి పెట్టుకునే అర్జీ. కోర్సులో క్లౌడ్ ఉంది కాబట్టి వచ్చింది. మీ ఇంటి కంప్యూటర్ల మీద ఆ అర్జీ తీసుకునేవాళ్లు లేరు. ఆ అర్జీ తీసుకునే మెటల్ఎల్‌బీ అనే ప్రోగ్రామ్ పెట్టి దానికి కొన్ని ఐపీలు అప్పగించండి. ఆ ఐపీలు మీ రూటర్ ఫోన్లకూ టీవీలకూ పంచే వరసలో ఉండకూడదు. ఉంటే ఏదో ఒక రోజు టీవీకి, మీ సర్వీస్‌కు ఒకే చిరునామా పడుతుంది. మీరు వాడేది కే3ఎస్ అయితే అందులో ఈ పని చేసే సర్వీస్ఎల్‌బీ ముందే ఉంటుంది. అయినా పెండింగ్ అంటోందంటే మీరు అడిగిన 80వ పోర్ట్‌ను ట్రెఫిక్ అప్పటికే తీసుకుని ఉంటుంది. సర్వీస్‌ను క్లస్టర్ఐపీగా (క్లస్టర్ లోపల మాత్రమే పలికే రకంగా) మార్చి, ఇన్‌గ్రెస్‌లో ఒక నియమం రాసి ట్రెఫిక్ ద్వారానే పంపండి.