ఐరిస్ గింజలు ఐదు నెలలైనా మొలవలేదా? ఆ కుండీ పారేయకండి

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో ఉంటున్నారు. ఐరిస్ టెనాక్స్ అనే అడవి పూలమొక్క గింజలు ఇరవై దొరికితే జనవరిలో కుండీలో వేసి ఇంట్లో కిటికీ దగ్గర పెట్టారు. జూన్ వచ్చినా ఒక్కటీ మొలవలేదు. ఆ మట్టి పారేసి కుండీ వేరేదానికి వాడుకోవచ్చా, ఇంకో ప్యాకెట్ దొరికితే కరీంనగర్‌లో ఉన్న నాన్నగారికి పంపొచ్చా అని.

మొదటిదానికి జవాబు: పారేయొద్దండీ. కుండీని బయటికి తీసుకెళ్లి నీడపట్టున పెట్టండి. వచ్చే మార్చి దాకా దాన్ని కదపకండి. నేను మీ పక్క ఊరు హిల్స్‌బరోలో ఏడేళ్లుగా ఈ మొక్కలతో కుస్తీ పడుతున్నాను. మొదట్లో నేనూ మీరు చేసిందే చేశాను, ఇంకా ఘోరంగా చేశాను.

మనవాళ్ల ఇళ్లలో చాలామందిలాగే మేమూ మార్చిలో గరాజ్‌లో వంకాయ, మిరప నారు పోస్తాం. కింద హీట్ మ్యాట్, పైన లైటు, మట్టి 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. వంకాయకు అంత బాగా పనిచేసేది ఐరిస్‌కు ఎందుకు చేయదని గింజల ట్రే కూడా పక్కనే పెట్టాను. వంకాయ నారు జానెడు పెరిగింది, తోటలోకి వెళ్లింది, కాపుకొచ్చింది, గుత్తి వంకాయ కూర కూడా తిన్నాం. ఐరిస్ ట్రేలో మాత్రం పచ్చగా నాచు పట్టింది, అంతే.

అసలు సంగతి ఆ గింజ పుట్టిన చోటు చూస్తే తెలుస్తుంది. టెనాక్స్ మన చుట్టుపక్కలదే. ఆరెగాన్ వాయవ్య భాగంలో, వాషింగ్టన్ రాష్ట్రం నైరుతిలో రోడ్ల పక్కన, అడవి అంచుల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊదారంగులో పూస్తుంది. కాయలు జూలై ప్రాంతంలో ఎండి, మూడు చీలికలుగా విచ్చుకుని గింజలు రాలుస్తాయి. అప్పుడు ఇక్కడ వానలుండవు. అక్టోబర్‌లో వానలు మొదలయ్యాక ఆ గింజ చలిలో, తడిలో నెలల తరబడి నానుతూ పడి ఉంటుంది. ఆ చలి తగిలితేనే దాని నిద్రావస్థ వీడి ఫిబ్రవరి, మార్చిల్లో మొలక బయటికొస్తుంది. మన తెలుగునాట కొన్ని వేరుశనగ రకాలకు అసలు నిద్రావస్థే ఉండదు, కోత ముందు వాన పడితే కాయలోనే మొలకెత్తి రైతును ముంచుతాయి. ఇది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇంట్లో హీటర్ వెచ్చదనంలో కూర్చున్న గింజకు ఇంకా చలికాలమే రాలేదన్నమాట. మీ ఇరవై గింజలు చచ్చిపోలేదు, చాలావరకు నిద్రపోతున్నాయి. అనుమానం ఉంటే ఒక్క గింజ తవ్వి వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తగా చితికితే అది పోయినట్టు.

చలి కోసం ఫ్రిజ్ వాడేవాళ్లున్నారు. గింజలు నానబెట్టి, తడి వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) కలిపి, జిప్ కవర్‌లో వేసి, 4 డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు ఉంచుతారు. నేనూ ఒకసారి చేశాను, పనిచేస్తుంది. ఈ నానబెట్టడం గురించి ఐరిస్ పెంచేవాళ్ల దగ్గర ఒక చిట్కా ఉంది. గింజల్లో మొలకను ఆపే పదార్థాలు కడుక్కుపోవాలంటే నీళ్లు మారుతూ ఉండాలి కదా, అందుకని గింజల్ని పాత మేజోడులో కట్టి టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో వేలాడదీస్తారు. ఫ్లష్ చేసినప్పుడల్లా కొత్త నీళ్లు! ట్యాంకులోది మంచినీళ్లేనని మా ఆవిడకు ఎంత చెప్పినా ఆ పప్పులు ఉడకలేదు. చివరికి గాజు సీసాలో వేసి వారం రోజులు పొద్దున, సాయంత్రం నీళ్లు మార్చాను. మొదటి రోజుల్లో నీళ్లు పలచటి టీ డికాక్షన్ రంగులో దిగాయి.

ఇప్పుడు ఇవన్నీ మానేశాను. మన వాతావరణంలో ఆకాశమే ఫ్రిజ్. అక్టోబర్ చివర్లో లోతుగా ఉన్న కుండీలో ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వతపు రాయి), బెరడు పొడి, మామూలు పాటింగ్ మట్టి సమపాళ్లలో కలిపి గింజలు వేస్తాను. పైన అర అంగుళం మట్టి, దాని మీద సన్నటి గులకరాయి. ఉడతలు తవ్వకుండా ఇనప జాలీ కప్పి, వానలో వదిలేస్తాను. పేడ ఎరువు, సున్నం, బూడిద దగ్గరికి రానివ్వొద్దు. మనకు చేతులు ఊరుకోవు, మొక్క అనగానే ఎరువు వేయబుద్ధవుతుంది. నేను ఒక ఏడాది వేశాను, మూడాకుల మొక్కలు మొదట్లోనే కుళ్లిపోయాయి.

కుండీ పారేయొద్దని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మూడో ఏడు జరిగింది వినండి. శరదృతువులో వేసిన ఒక కుండీలో వసంతమంతా ఏమీ రాలేదు. ఆ ఎండాకాలం మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ఖాళీగా ఉంది కదా అని ఆ కుండీలో మెంతులు చల్లారు. మెంతికూర పప్పు రెండుసార్లు తిన్నాక నాకు సంగతి తెలిసింది. ఇక ఆశ వదిలేసి కుండీని కంచె దగ్గర పడేశాను. మరుసటి ఫిబ్రవరిలో చెత్త తీస్తుంటే ఎండిపోయిన మెంతి మోళ్ల మధ్య పదకొండు పచ్చటి పోచలు కనిపించాయి. గడ్డేమో అనుకుని ఒకటి పీకాను. పీకితే అడుగున, పక్కకి అంటుకుని, గోధుమరంగు గింజ చిప్ప వేలాడుతూ వచ్చింది. ఐరిస్! గుర్తుపట్టే పద్ధతి అదే. ఐరిస్ మొలకెత్తాక గింజ పైకి రాదు, మట్టిలోనే పక్కన ఉండిపోతుంది. ఆకు మొదలు కూడా చదునుగా, మడిచిన కాగితంలా ఉంటుంది. పీకింది మళ్లీ పాతాను కానీ బతకలేదు. మిగతా పదీ బతికాయి. వాటిలో ఏడు ఇప్పటికీ మా ముందు వాకిట్లో పూస్తున్నాయి.

మొలక కనిపించగానే నత్తల మీద కన్నేసి ఉంచండి. ఇక్కడి చిప్పలేని నత్తలు ఒక్క రాత్రిలో కుండీ నున్నగా గొరిగేస్తాయి. నేను రాత్రి పదింటికి టార్చి పట్టుకుని చేత్తో ఏరతాను.

నేలలోకి మార్చేది మాత్రం ఎండాకాలంలో కాదు. ఈ జాతికి వేళ్లు కదిలిస్తే అస్సలు పడదు. అక్టోబర్ వానలు పడ్డాక కుండీ మెల్లగా వంచి చూడండి, కొత్తగా తెల్లటి వేళ్లు కనిపిస్తే అదే అదను. పాత గోధుమరంగు వేళ్లే ఉంటే ఇంకో రెండు వారాలు ఆగండి. గింజ మొలిచిన రెండు మూడేళ్లకు పువ్వు. ఎండాకాలం నీళ్లు పెద్దగా అడగవు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అడవిలో కనిపించిన మొక్కను తవ్వి తెచ్చుకోవద్దు. తవ్విన మొక్క చాలావరకు చస్తుంది, అక్కడా పోతుంది, ఇక్కడా పోతుంది. ఇదే టెనాక్స్‌లో గార్మనై అనే లేత పసుపు రకం ఒకటుంది. మన వాషింగ్టన్ కౌంటీ, పక్కన యాంహిల్ కౌంటీ కొండల్లాంటి కొద్దిచోట్లే సహజంగా పెరుగుతుంది. అలాంటిదాన్ని ఒక్కో ఇంటివాడు ఒక్కో దుంప తెచ్చుకుంటే మిగిలేదేముంది? సొసైటీ ఫర్ పసిఫిక్ కోస్ట్ నేటివ్ ఐరిస్ వాళ్లు సభ్యులు పంపిన గింజల్ని అమ్ముతారు. అరుదైన రకాలకు అదే సరైన దారి.

కొన్ని అడవి ఐరిస్‌లకు ఈ పద్ధతి పనికిరాదు. జోర్డాన్ జాతీయ పుష్పమైన నల్ల ఐరిస్, దాని బంధువులు మహా మొండివి. చలి చూపించినా ఏళ్ల తరబడి మొలవకపోవచ్చు. అందుకే అనుభవమున్నవాళ్లు గింజ కొన కోసి లోపలి పిండం కనిపించేలా చేసి మొలిపిస్తారు. నేను బ్లేడుతో ప్రయత్నించి ఐదింట్లో మూడు పిండాలను అడ్డంగా కోసేశాను. ఒకటి మొలిచింది, మన వానకు కుళ్లింది. మళ్లీ దాని జోలికి పోలేదు.

ఇక నాన్నగారి సంగతి. పంపొద్దండీ. ఇండియాకు విత్తనాలు పంపాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తీసుకెళ్లినా అదే రూలు. అదంతా చేసినా కరీంనగర్ చలి ఈ గింజ నిద్ర లేపడానికి చాలదు. లేచినా మే నెల ఎండకు నిలవదు. ఆయనకు బ్లాక్‌బెర్రీ లిల్లీ అక్కడే వెతుక్కోమని చెప్పండి. నారింజ రంగు రేకుల మీద ఎర్రటి చుక్కలుంటాయి, కాయ విచ్చుకుంటే లోపల నల్లటి గింజల గుత్తి. పేరులో లిల్లీ ఉన్నా 2005లో దాన్ని ఐరిస్ ప్రజాతిలోకే చేర్చారు. వేడిని తట్టుకుంటుంది, గింజ నుంచి తేలిగ్గా వస్తుంది.

మీకు ఇంకో ప్యాకెట్ కావాలంటే కొనాల్సిన పని కూడా లేదు. మా వాకిట్లో ఇప్పుడు తొమ్మిది కాయలున్నాయి. విచ్చుకుంటే గింజలు రాలిపోతాయని వరలక్ష్మీ వ్రతం రిటర్న్ గిఫ్టుల నెట్ సంచులు ఒక్కోదానికి తొడిగి దారం కట్టాను. జూలై చివర్లో మెసేజ్ పెట్టండి.